వస్తువు కంటే ముందు సొమ్ము కదిలితే

వాడిన వస్తువును ముక్కూ మొహం తెలియని మనిషి నుంచి కొనడం తెలుగు నేలకు కొత్త వ్యవహారం కాదు. పశువుల సంతలో ఎద్దును కొనే రైతు దాని పళ్ళు పట్టి వయసు అంచనా వేసి, నాలుగడుగులు నడిపించి చూసి, అమ్మే మనిషిది ఏ ఊరో పక్కవారిని అడిగి, మధ్యవర్తి సమక్షంలో బేరం తెంచుకుని, రసీదు రాయించుకున్న తర్వాతే సొమ్ము లెక్కపెట్టి చేతిలో పెట్టేవాడు. వస్తువు, మనిషి, సాక్షి, సొమ్ము అనే నాలుగూ అక్కడ ఒకే చోట, ఒకే పూట కలిసేవి. ఓఎల్‌ఎక్స్ వంటి ప్రకటనల వేదికలు, ఫేస్‌బుక్ 2016లో ప్రారంభించిన మార్కెట్‌ప్లేస్, వాట్సాప్ గ్రూపులు కొనుగోలుదారుకు వేలాది వస్తువులను ఇంటి నుంచే చూపించినా, ఆ నాలుగింటినీ మాత్రం విడదీశాయి. వస్తువు ఫొటోకూ, మనిషి ఒక ఫోన్ నంబరుకూ పరిమితమై, సాక్షి అనేవాడే లేకుండా పోయిన ఈ బజారులో సొమ్ము ఒక్కటే క్షణాల్లో చేతులు మారుతుంది. వ్యక్తుల మధ్య జరిగే ఆన్‌లైన్ క్రయవిక్రయాల్లో మోసాలు పైకి ఎన్ని వేషాల్లో కనిపించినా, చూడడం, నిర్ధారించుకోవడం, చెల్లించడం అనే వరుసను తారుమారు చేసి చెల్లింపును ముందుకు జరపడమే వాటిలో చాలావాటికి ఆయువుపట్టు.

అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో ప్రచురించిన ఒక వ్యాసంలో పాత కార్ల బజారును ఉదాహరణగా తీసుకుని, అమ్మేవాడికి తెలిసినంత సమాచారం కొనేవాడికి తెలియనప్పుడు ఆ బజారు ఎలా చెడిపోతుందో వివరించారు. మంచి కారేదో, లోపమున్న కారేదో పోల్చుకోలేని కొనుగోలుదారు రెండింటికీ నడిమి ధరే ఇవ్వజూపుతాడు కాబట్టి, మంచి కారున్నవాడు ఆ ధరకు అమ్మలేక తప్పుకుంటాడనీ, చివరికి నాసిరకమే బజారులో మిగులుతుందనీ ఆయన వాదన. సమాచార అసమానతకు సంబంధించిన ఈ కృషికి ఆయన 2001లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి పొందారు. అయితే అకెర్లాఫ్ చెప్పిన బజారులో అమ్మేవాడి దగ్గర లోపాలున్నదైనా కారంటూ ఒకటి ఉంది; నేటి ప్రకటనల మోసాల్లో చాలాచోట్ల కారే ఉండదు. అందువల్ల ఇంజను శబ్దం, టైర్ల అరుగుదల వంటి పరీక్షలు రెండో మెట్టులోకి వెళ్ళిపోయి, అసలు వస్తువు ఉన్నదా, ఉంటే అది అమ్ముతున్నవాడిదేనా అన్న రెండు ప్రశ్నలు మొదటి మెట్టులోకి వచ్చాయి.

ఈ ప్రశ్నలకు జవాబు చెప్పే బాధ్యత వేదికలదేనని చాలామంది భావిస్తారు గానీ, ప్రకటనల వేదికకూ అంగడికీ తేడా ఉంది. 1995లో అమెరికాలో మొదలైన ఈబే, అపరిచితుల మధ్య నమ్మకం కుదిర్చేందుకు మరుసటి ఏడాదే కొన్నవారూ అమ్మినవారూ ఒకరిపై ఒకరు అభిప్రాయం నమోదు చేసే ఏర్పాటు తెచ్చింది. మామూలు ప్రకటనల వేదిక మాత్రం ఇద్దరినీ ఫోన్‌లో కలిపి పక్కకు తప్పుకుంటుంది. సొమ్ము దాని గుండా వెళ్ళదు కాబట్టి, దాన్ని ఆపగలిగే అవకాశమూ దానికి ఉండదు. సమాచార సాంకేతిక చట్టంలోని 79వ సెక్షన్ కూడా, తగిన జాగ్రత్తలు పాటించి, చట్టబద్ధమైన ఆదేశం అందినప్పుడు తొలగించే మధ్యవర్తి వేదికలకు ఇతరులు పెట్టిన సమాచారం విషయంలో రక్షణ కల్పిస్తుంది. వేదిక పేరు పెద్దదైనంత మాత్రాన ప్రకటనకు పూచీ ఉన్నట్టు కాదు.

హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు పదేపదే హెచ్చరిస్తూ వచ్చిన 'సైనికుడి వాహనం' మోసంలో ఈ తారుమారు విద్య దశలవారీగా కనిపిస్తుంది. తక్కువ దూరం తిరిగిన స్కూటరో, బుల్లెట్టో, కారో కారుచౌకగా అమ్మకానికి ఉన్నట్టు ప్రకటన వస్తుంది. ఫోన్ చేసినవారికి అవతలి వ్యక్తి తాను సైన్యంలోనో, విమానాశ్రయాలకు కాపలా కాసే సీఐఎస్ఎఫ్‌లోనో పని చేస్తున్నాననీ, ఉన్నట్టుండి బదిలీ కావడంతో అయినకాడికి అమ్మేస్తున్నాననీ నమ్మబలుకుతాడు. అడగకముందే యూనిఫాం వేసుకున్న ఫొటో, గుర్తింపు కార్డు, క్యాంటీన్ కార్డు, వాహనం ఆర్సీ వాట్సాప్‌లో వచ్చేస్తాయి. బండి శంషాబాద్ విమానాశ్రయం పార్కింగ్‌లోనో, కంటోన్మెంటు లోపలో ఉన్నదనీ, భద్రతా నిబంధనల వల్ల బయటివారిని రానివ్వరనీ, అందుకే సైనిక పార్సిల్ సర్వీసు ద్వారా ఇంటికే పంపిస్తాననీ చెబుతాడు. బండి చూపించలేకపోవడానికి ఇంతకంటే గౌరవప్రదమైన సాకు దొరకదు కాబట్టే ఈ కథకు యూనిఫాం అవసరమైంది.

ఆ తర్వాత రవాణా కోసమంటూ కొద్ది మొత్తం అడుగుతారు. అది అందిన కాసేపటికి ప్యాక్ చేసిన బండి ఫొటో, దానిపై కొనుగోలుదారు పేరున్న చీటీ, సైనిక ముద్ర ఉన్నట్టు కనిపించే రసీదు వస్తాయి. మర్నాడు 'డెలివరీ బాయ్' పేరుతో మరో గొంతు ఫోన్ చేసి, బండి ఊరి పొలిమేరకు వచ్చిందనీ, జీపీఎస్ రుసుము కట్టాలనీ, ఇంకాసేపటికి ఆలస్య రుసుము కట్టాలనీ, అవన్నీ తర్వాత వాపసు వస్తాయనీ చెబుతుంది. మొదటి మొత్తం పోతుందన్న బెంగతో రెండోది, ఆ రెండూ పోతాయన్న బెంగతో మూడోది కట్టించడమే ఇందులోని కీలకం. బండి ధర మొత్తం ముట్టిన తర్వాత కూడా ఏదో ఒక రుసుము మిగిలే ఉంటుంది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్, అల్వార్, హర్యానాలోని మేవాత్, ఉత్తరప్రదేశ్‌లోని మథుర పరిసరాల ముఠాలు ఇటువంటి నేరాల్లో పలుమార్లు పట్టుబడ్డాయి. వాట్సాప్‌లో వచ్చిన గుర్తింపు కార్డు ఎవరో నిజమైన సైనికుడిదే కావచ్చు, అంతకుముందు మోసపోయిన మరొకరిదీ కావచ్చు. కార్డు నిజమైనదైనా దాన్ని పంపినవాడు ఆ మనిషేనని అది రుజువు చేయదు.

ఈ మోసం కొనుగోలుదారు దురాశ మీద మాత్రమే బతుకుతుందనుకోవడం తొందరపాటు. బేరం కుదిరాక బయానా ఇచ్చి వస్తువును ఖాయం చేసుకోవడం తెలుగువారికి తరతరాల అలవాటు కాగా, బయానా ఇవ్వకుంటే మరొకరు ఎగరేసుకుపోతారన్న భయాన్ని మోసగాడు ఆ అలవాటుకు జోడిస్తాడు. నిజానికి బయానా అనేది వస్తువును కళ్ళారా చూసి ధర ఖాయం చేసుకున్నాక ఇచ్చేదే తప్ప, చూడడానికి ముందే కట్టే ప్రవేశ రుసుము కాదు.

ఇదే కథకు మరో రూపం ఫేస్‌బుక్‌లో తిరుగుతోంది. జిల్లా కలెక్టరో, పోలీసు ఉన్నతాధికారో, పేరున్న వైద్యుడో వాడుతున్న ఖాతాను పోలిన నకిలీ ఖాతా తెరిచి, వారి పరిచయస్తులకు స్నేహ అభ్యర్థనలు పంపి, తన మిత్రుడైన సీఆర్పీఎఫ్ అధికారి బదిలీపై వెళుతూ ఇంటి సామాను, సోఫాలు, ఫ్రిజ్ చవకగా అమ్ముతున్నాడని సందేశం పెడతారు. పెద్దమనిషి మాట కాబట్టి ఎదురు ప్రశ్న వేయడం మర్యాద కాదన్న సంకోచమే ఇక్కడ పెట్టుబడి. ఆ పెద్దమనిషికి ఒకసారి ఫోన్ చేసి అడిగితే కథ అక్కడితో ముగుస్తుంది.

వస్తువును కళ్ళారా చూస్తే చాలునన్న సూత్రాన్ని కూడా ఓడించే మోసం ఒకటుంది, ఇది అన్నిటిలోకీ తెలివైనది. మోసగాడు నిజమైన అమ్మకందారు పెట్టిన ప్రకటనలోని ఫొటోలనూ వివరాలనూ తీసుకుని, తక్కువ ధరతో తన పేరిట మరో ప్రకటన పెడతాడు. అసలు యజమానికి ఫోన్ చేసి, కారు తానే కొంటున్నాననీ, తన బంధువు వచ్చి చూస్తాడనీ, అతనికి తాను బాకీ ఉన్నందున ధర ప్రస్తావన తేవద్దనీ కోరతాడు. కొనేందుకు వచ్చిన వ్యక్తికి మాత్రం, కారు చూపించేది తన బావమరిదేననీ, ధర సంగతి తనతోనే మాట్లాడాలనీ చెబుతాడు. ఇద్దరు నిజాయితీపరులు ఎదురెదురుగా నిలబడి, కారు తలుపులు తీసి చూసుకుని, ఆర్సీ పరిశీలించుకుని, ధర ఒక్కటి మాత్రం మాట్లాడుకోరు. కొనుగోలుదారు అక్కడే నిలబడి మూడో వ్యక్తి ఖాతాకు సొమ్ము పంపిస్తాడు. ఆ తర్వాత కారు తాళాల కోసం చెయ్యి చాచినప్పుడు గానీ ఇద్దరికీ విషయం బోధపడదు. కారు అసలైనది, పత్రాలు అసలైనవి, యజమాని ఎదురుగానే ఉన్నాడు. సొమ్ము అందుకున్నవాడు మాత్రం అక్కడ లేనివాడు. అందుచేత ధరను ఎదుట నిలబడిన మనిషితోనే మాట్లాడాలి, సొమ్మును ఆర్సీలో పేరున్న వ్యక్తి ఖాతాకే పంపాలి. ధర మాట్లాడవద్దని ఎవరు ఏ కారణంతో చెప్పినా, వెంటనే మాట్లాడవలసిన విషయం అదే.

చెల్లింపు విధానం తెలియకపోవడం మరికొన్ని మోసాలకు దారి ఇస్తోంది. భారత జాతీయ చెల్లింపుల సంస్థ, అంటే ఎన్‌పీసీఐ, 2016లో తెచ్చిన యూపీఐ వ్యవస్థలో పిన్ కొట్టడమంటే ఖాతాలోంచి సొమ్ము పంపేందుకు సమ్మతి తెలపడం. సొమ్ము అందుకోవడానికి పిన్ అవసరమే లేదు. అయినా రవాణా రుసుము వాపసు చేస్తామంటూ క్యూఆర్ కోడ్ పంపి, దాన్ని స్కాన్ చేసి పిన్ కొడితే సొమ్ము జమవుతుందని చెప్పే మాటలకు చదువుకున్నవారు కూడా పడిపోతున్నారు. ఒక వ్యక్తి మరో వ్యక్తిని సొమ్ము పంపమని యాప్‌లోనే కోరే 'కలెక్ట్ రిక్వెస్ట్' సదుపాయం ఇటువంటి మోసాలకు బాగా వాడుకలోకి రావడంతో, వ్యక్తుల మధ్య దాన్ని 2025 అక్టోబరు 1 నుంచి ఎన్‌పీసీఐ నిలిపివేసింది. క్యూఆర్ కోడ్ మాత్రం ఉంది, ఉంటుంది కూడా. సొమ్ము పంపే ముందు తెరపై కనిపించే బ్యాంకు ఖాతాదారు పేరును చదవడం అందుకే ముఖ్యం. అమ్మకందారు చెప్పుకున్న పేరు ఒకటై, తెరపై పేరు మరొకటై, తేడా ఏమిటని అడిగితే అది తన భార్యదో, సీఏదో, స్నేహితుడిదో అన్న సమాధానం వస్తే, అది కమీషన్ ఆశ చూపి ఇతరుల పేరిట తెరిపించిన ఖాతా కావడానికి అవకాశాలు మెండు. ఇటువంటి అద్దె ఖాతాలను పోలీసు పరిభాషలో 'మ్యూల్ ఖాతాలు' అంటారు.

వాహనం విషయంలో కొనుగోలుదారుకు ఉన్న సౌకర్యం ఏమిటంటే, ఏ ఇతర వస్తువుకూ లేనంత ప్రభుత్వ రికార్డు దానికి ఉంటుంది. కేంద్ర ప్రభుత్వపు ఎంపరివాహన్ యాప్‌లో రిజిస్ట్రేషన్ నంబరు కొడితే బండి మోడలు, నమోదైన తేదీ, బీమా గడువు, ఫైనాన్స్ కంపెనీ బాకీ వంటి వివరాలు తెలుస్తాయి. యజమాని పేరును మాత్రం గోప్యత కోసం కొన్ని అక్షరాలను దాచి చూపుతుంది కాబట్టి, మిగిలిన అక్షరాలను అసలు ఆర్సీతో పోల్చుకోవాలి. ఆర్సీపై ఉన్న ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండిపై చెక్కినవాటితో సరిపోవాలి; చెక్కిన చోట గీకిన జాడ, కొత్త రంగు కనిపిస్తే ఆ బండి జోలికి పోకూడదు. చెల్లించని ఈ-చలాన్లు ఎన్ని ఉన్నాయో పోలీసుల వెబ్‌సైట్‌లో నిమిషంలో తెలుస్తుంది. రుణంపై కొన్న బండి ఆర్సీలో రుణదాత పేరు నమోదై ఉండడాన్ని హైపోథికేషన్ అంటారు. ఆ రుణం తీరిందని ఫైనాన్స్ సంస్థ ఇచ్చే ఎన్‌ఓసీ, దాన్ని తొలగించేందుకు రవాణా శాఖకు సమర్పించే ఫారం 35 లేకుండా యాజమాన్యం మారదు.

యాజమాన్యం మార్పుకు ఫారం 29, ఫారం 30 అవసరం. మొదటిది అమ్మినట్టు అమ్మకందారు ఇచ్చే నోటీసు, రెండోది మార్పు కోసం ఇచ్చే దరఖాస్తు. అదే రాష్ట్రంలో నమోదైన బండిని అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా అధికారికి తెలపాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ నిర్దేశిస్తోంది. ఖాళీ ఫారాలపై సంతకాలు పెట్టించుకుని, బండి తోలుకుంటూ మార్పును ఏళ్ల తరబడి వాయిదా వేసే అలవాటు మన దగ్గర బలంగా ఉంది. నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2018లో ఇచ్చిన తీర్పు ప్రకారం, బండి ఎన్ని చేతులు మారినా, ప్రమాదం జరిగినప్పుడు పరిహారం బాధ్యత రికార్డులో పేరున్న యజమానిదే. అమ్మినవారు నిద్రపోకూడదనడానికి ఈ తీర్పు చాలు. కొన్నవారి వైపు నుంచి చూస్తే, పేరు మారని బండికి కట్టిన సొమ్ము ఇంకా సగం దారిలోనే ఉన్నట్టు లెక్క.

వాడిన ఫోన్ల బజారులో సమస్య తరచుగా దొంగ సొత్తుదే. ప్రతి ఫోన్‌కూ ఐఎంఈఐ అనే 15 అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఫోన్‌లో స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ కొడితే అది తెరపై కనిపిస్తుంది. కేవైఎం అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు కొట్టి, ఒక ఖాళీ వదిలి ఆ సంఖ్యను రాసి 14422కు ఎస్సెమ్మెస్ పంపినా, టెలికాం శాఖ 'సంచార్ సాథీ' సేవలో చూసినా ఆ ఫోన్ స్థితి తెలుస్తుంది. నిషేధిత జాబితాలో ఉన్నట్టో, అదే సంఖ్య వేరే ఫోన్లలోనూ వాడుకలో ఉన్నట్టో జవాబు వస్తే దాన్ని కొనకూడదు. దొంగిలించిన వస్తువును తెలియక కొన్నా అది కొన్నవారి సొంతం కాదు, ఎందుకంటే తనకు లేని హక్కును అమ్మకందారు మరొకరికి ఇవ్వలేడన్నది వస్తు విక్రయ చట్టంలోని మౌలిక నియమం. దొంగ సొత్తని తెలిసో, అలా నమ్మడానికి కారణం ఉండో కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద అది నేరం కూడా. బిల్లు లేదు, డబ్బా లేదు, ధర సగానికి సగం అన్నప్పుడు ఆ 'కారణం' చాలా దగ్గరికి వచ్చేసినట్టే. దొంగది కాని ఫోన్‌లో కూడా పాత యజమాని ఖాతా తొలగించకపోతే తాళం పడిన ఫోనే చేతికొస్తుంది, ఈఎంఐ పూర్తికాని ఫోన్‌నైతే ఫైనాన్స్ సంస్థ దూరం నుంచే స్తంభింపజేయగలదు. కాబట్టి ఫోన్‌ను ఎదురుగా పూర్తిగా చెరిపించి, కొనేవారి సిమ్, కొనేవారి ఖాతాతో తెరిచి చూసుకున్నాకే సొమ్ము ఇవ్వాలి.

ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌లలో ఇంటి నుంచి చీరలు అమ్మేవారిలో నిజాయితీగా బతికేవారే చాలామంది. పోచంపల్లి, ఉప్పాడ, వెంకటగిరి పేర్లతో మరమగ్గం చీరలను అంటగట్టేవారూ, ముందుగా సొమ్ము తీసుకుని నంబరును బ్లాక్ చేసేవారూ వారి మధ్యే ఉన్నారు. పట్టుకు సిల్క్ మార్క్, చేనేతకు హ్యాండ్‌లూమ్ మార్క్ ఉన్నాయో లేదో అడగడం, మొదటి కొనుగోలును ఒక్క చీరకే పరిమితం చేయడం, పార్సిల్ విప్పుతున్నప్పుడు మొదటి నుంచి వీడియో తీయడం ఇక్కడ అక్కరకొస్తాయి.

అమెరికా వెళ్ళిన తెలుగు విద్యార్థులు తొలి కారును తరచుగా ఇటువంటి ప్రకటనల ద్వారానే కొంటారు. అక్కడ ఆర్సీ స్థానంలో 'టైటిల్' అనే యాజమాన్య పత్రం ఉంటుంది. ప్రమాదంలో నుజ్జయి బాగు చేసిన కారు టైటిల్‌పై ఆ సంగతి ముద్రించి ఉంటుంది కాబట్టి, దాన్ని చూడకుండా ధరను చూసి మురిసిపోకూడదు. జెల్ అనే చెల్లింపు సేవ ద్వారా ఇష్టపూర్వకంగా పంపిన సొమ్మును వెనక్కి రప్పించడం అక్కడా దాదాపు అసాధ్యమే. అనేక పట్టణాల్లో ఇటువంటి లావాదేవీల కోసం పోలీసు స్టేషన్ల ఆవరణలోనే కెమెరాలున్న స్థలాలు కేటాయించారు. మన దగ్గర అటువంటి ఏర్పాటు వ్యవస్థగా లేకున్నా, పట్టపగలు బ్యాంకు ఆవరణలో కలుసుకుందామని ప్రతిపాదిస్తే నిజమైన అమ్మకందారు అభ్యంతరం చెప్పడు.

ఇన్ని జాగ్రత్తల మధ్య కూడా సొమ్ము పోతే, చట్టం కంటే గడియారం ముఖ్యమవుతుంది. రిజర్వ్ బ్యాంకు 2017 జూలైలో జారీ చేసిన ఉత్తర్వు ప్రకారం, తన అనుమతి లేకుండా జరిగిన ఎలక్ట్రానిక్ లావాదేవీని ఖాతాదారు మూడు పని దినాల్లో తెలిపితే, తప్పు తనవైపు లేనప్పుడు నష్టం భరించనక్కరలేదు. కానీ మోసపోయినా సరే, స్వయంగా పిన్ కొట్టి పంపిన సొమ్ము అనుమతి లేని లావాదేవీ కాదు కాబట్టి, ఆ రక్షణ ఇక్కడ సాధారణంగా పనిచేయదు. అమ్మింది వ్యాపారి కాక తన పాత సామాను అమ్ముకునే గృహస్థుడైతే వినియోగదారుల కమిషన్ మార్గమూ సాధారణంగా దొరకదు. భారతీయ న్యాయ సంహితలోని మోసం సెక్షన్ 318, వేషం మార్చి చేసిన మోసానికి 319, సమాచార సాంకేతిక చట్టంలోని 66డి మిగిలే ఆయుధాలు.

కేంద్ర హోం శాఖ ఆధ్వర్యంలోని 1930 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసినా, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో నమోదు చేసినా, ఆ సమాచారం బ్యాంకులకు వెంటనే చేరి, సొమ్ము ఏ ఖాతాలో ఉంటే అక్కడ దాన్ని స్తంభింపజేసే ప్రయత్నం జరుగుతుంది. మోసగాళ్ళు నిమిషాల్లో నాలుగైదు ఖాతాలకు మార్చి, ఏటీఎంలో తీసేస్తారు కాబట్టి, సిగ్గుపడి రాత్రంతా ఆలోచించి మర్నాడు చేసే ఫిర్యాదుకు పట్టుబడేది తక్కువ. ఫిర్యాదులో లావాదేవీ యూటీఆర్ సంఖ్య, అవతలి యూపీఐ ఐడీ, ఫోన్ నంబరు, ప్రకటన లింకు, సంభాషణల స్క్రీన్‌షాట్లు ఉండాలి. మోసమని తెలియగానే కోపంతో చాట్ చెరిపేస్తే సాక్ష్యమూ దానితోపాటే పోతుంది. స్తంభించిన సొమ్ము తనంతట తాను తిరిగి రాదు, దానికి చాలా సందర్భాల్లో కోర్టు ఉత్తర్వు కావాలి. తెలంగాణలో సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఇటువంటి కేసులను లోక్ అదాలత్‌ల ముందు పెట్టించి, బాధితులకు సొమ్ము వాపసు ఇప్పిస్తోంది.